హిస్టారిక్, హిస్టారికల్: మీ మేడం రెండుసార్లూ ఎందుకు దిద్దారంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. వరంగల్ కోట మీద ఇంగ్లీషులో టూరిజం ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్నారు. మొదటి పేజీలో ‘హిస్టారికల్ ఫోర్ట్’ అని రాస్తే మీ గైడ్ మేడం ‘హిస్టారిక్’ అని దిద్దారు. ఆవిడకు ఆ మాటే ఇష్టం కాబోలు అనుకుని మూడో అధ్యాయంలో ‘హిస్టారిక్ సోర్సెస్’ అని రాశారు. ఈసారి దాన్ని ‘హిస్టారికల్’ చేశారు. గ్రామర్ చూసే యాప్ మాత్రం రెండుచోట్లా నోరు మెదపలేదు. నిఘంటువు తీస్తే రెంటికీ ‘చారిత్రక’ అనే ఉంది. ‘మేడం మూడ్‌ని బట్టి దిద్దుతున్నారా, నిజంగానే తేడా ఉందా?’ అని అడిగారు. చివర్లో ఇంకో చిన్న సందేహం, దాని ముందు ‘ఎ’ పెట్టాలా ‘ఆన్’ పెట్టాలా అని.

తేడా ఉంది. మేడం రెండుసార్లూ బాగానే దిద్దారు.

హిస్టారిక్ అంటే చరిత్రకెక్కిన, లేదా చరిత్రకెక్కదగ్గ. హిస్టారికల్ అంటే చరిత్రకు సంబంధించిన, లేదా గతానికి చెందిన. మొదటి మాటలో మీరు ఒక విలువ కడుతున్నారు. రెండో మాటలో విలువ కట్టడం లేదు, అది ఏ కోవలోదో చెబుతున్నారంతే. హిస్టారికల్ అన్నది అలమారా మీద అంటించిన చీటీ లాంటిది. లోపల ఏ రకం వస్తువులున్నాయో చెబుతుంది. అవి గొప్పవో కావో దానికి అనవసరం.

నేను ఇరవై రెండేళ్లు ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ఇంగ్లీషు ఏజెన్సీ వార్తలు తెలుగు చేశాను. ఇప్పుడు కంపెనీల రిపోర్టులు, పర్యాటక బ్రోషర్లు రెండు భాషల్లోనూ దిద్దుతుంటాను. ఈ జంట మాటలతో నేను పడ్డ తిప్పలు చాలానే ఉన్నాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. ఆ సాయంత్రమే దాన్ని హిస్టారిక్ ల్యాండింగ్ అనొచ్చు. అందరూ అన్నారు కూడా. అది జరిగి గంట కూడా కాలేదు, ‘గతం’ కానే కాలేదు, అయినా హిస్టారిక్. పదేళ్ల తర్వాత ఎవరో పీహెచ్‌డీ కోసం ఆ ల్యాండింగ్ వెనక కథంతా తవ్వి రాస్తే అది హిస్టారికల్ స్టడీ. ఆ పీహెచ్‌డీ పరమ నాసిరకంగా ఉన్నా హిస్టారికల్ స్టడీయే. ఇక్కడే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. హిస్టారిక్ అనడానికి పాతబడాల్సిన పని లేదు, రేపు జరగబోయేదాన్ని కూడా అనొచ్చు. హిస్టారికల్ అనడానికి గొప్పగా ఉండాల్సిన పని లేదు.

చాలామంది హిస్టారిక్ అంటే ‘మంచిది, గర్వపడాల్సింది’ అనుకుంటారు. అదీ తప్పే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. అది హిస్టారిక్ ఫ్లడ్. అందులో గర్వపడాల్సిందేముంది, ఊళ్లకు ఊళ్లు మునిగాయి. కానీ ఇప్పటికీ వరద అనగానే ఆ అంకెతోనే పోల్చుకుంటాం. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు కూడా అందరూ ముందు ఆ 1986 మాటే ఎత్తారు. చరిత్రకెక్కడమంటే అదే. అదే భద్రాచలం దగ్గర ఏటా నమోదు చేసిన నీటిమట్టాలున్నాయి చూడండి, నది నిండుగా పారిన ఏడూ, ఎండిన ఏడూ అన్నీ కలిపి, అవి హిస్టారికల్ డేటా. వాటిలో నూటికి తొంభై రోజులు చెప్పుకోడానికేమీ ఉండదు.

ఇప్పుడు మీ రిపోర్టుకు వద్దాం. కాకతీయుల రాజధాని, నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, అందులో ఒకదాని రూపం 2014లో తెలంగాణ రాజముద్రలోకే వచ్చింది. అలాంటి కోటను పాఠకుడికి పరిచయం చేసే మొదటి వాక్యంలో మీరు చెప్పదలచుకున్నది ‘ఇది చరిత్రకు సంబంధించిన కోట’ అనా? చరిత్రకు సంబంధించని కోట ఉంటుందా? మీరు చెప్పదలచుకున్నది ‘ఇది చరిత్రలో నిలిచిన కోట’ అని. అందుకే మేడం హిస్టారిక్ చేశారు.

మూడో అధ్యాయంలో మీరు ఆధారాల గురించి రాశారు. రుద్రమదేవి మరణం గురించి మనకు తెలిపే 1289 నాటి చందుపట్ల శాసనం లాంటివి. అక్కడ మీరు శాసనాన్ని పొగడటం లేదు. ‘చరిత్ర రాయడానికి పనికొచ్చే ఆధారాలు ఇవి’ అని వర్గీకరిస్తున్నారు. శాసనాలు, నాణేలు, కైఫీయత్తులు, యాత్రికుల రాతలు, ఇవన్నీ హిస్టారికల్ సోర్సెస్. 19వ శతాబ్దం మొదట్లో కాలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మనుషుల్ని ఊరూరా పంపి, కరణాల దగ్గర స్థానిక చరిత్రలు రాయించి తెప్పించాడు. ఆ కైఫీయత్తుల్లో సగం గుడి మాన్యాల లెక్కలు, సరిహద్దు తగాదాలు, పుక్కిటి కథలు. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ ప్రపంచాన్ని మార్చింది కాదు. అయినా చరిత్రకారుడికి అవి బంగారం. అవి హిస్టారికల్ డాక్యుమెంట్స్. 1215లో ఇంగ్లండ్ రాజు ఒప్పుకున్న హక్కుల పత్రం మాగ్నా కార్టా హిస్టారిక్ డాక్యుమెంట్, ఎందుకంటే రాజు కూడా చట్టానికి లోబడాలన్న మాటకు అది గుర్తుగా నిలిచింది.

ఒకే వస్తువు రెండూ కావచ్చు, అప్పుడు ఏది వాడాలో రాసేవాడి చేతిలో ఉంటుంది. గణపతిదేవుడి మోటుపల్లి అభయ శాసనం తీసుకోండి, 1244 నాటిది. ఓడలు పగిలి ఒడ్డుకు చేరిన వర్తకుల సరుకు మేం లాక్కోం, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటాం అని రాజు హామీ ఇచ్చిన శాసనం. ఆనాటి సుంకాల గురించి తెలుసుకోడానికి దాన్ని వాడుకుంటుంటే అది హిస్టారికల్ రికార్డ్. ఒక రాజు సముద్ర వర్తకులకు అలాంటి మాట ఇవ్వడమే ఎంత పెద్ద సంగతో చెబుతుంటే అది హిస్టారిక్ చార్టర్. రాయి ఒక్కటే, మీరు దాన్ని ఎటునుంచి చూస్తున్నారన్నదే ప్రశ్న.

మనుషుల విషయంలో ఇంకో మెలిక ఉంది. ‘హిస్టారికల్ ఫిగర్’ అన్నప్పుడు తరచుగా అర్థం ‘కల్పన కాదు, నిజంగా బతికిన మనిషి’ అని. అల్లూరి సీతారామరాజు హిస్టారికల్ ఫిగర్ అంటే ఆయన కథలో పాత్ర కాదు, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసినట్టు సర్కారు రికార్డుల్లోనే ఉన్న మనిషి అని. ఆయన్ని హిస్టారిక్ ఫిగర్ అంటే ఆయన స్థాయిని చెబుతున్నట్టు. రెండూ నిజమే. కానీ బౌద్ధం మీద రాసే పండితులు ‘ది హిస్టారికల్ బుద్ధ’ అంటారే, అక్కడ మాత్రం హిస్టారిక్ పెట్టడానికి వీల్లేదు. జాతక కథల్లో జన్మజన్మలెత్తిన బోధిసత్త్వుడు కాదు, చరిత్రకారులు ఆధారాలతో మాట్లాడగల బుద్ధుడు అని వాళ్ల ఉద్దేశం. హిస్టారిక్ అంటే ఆ అర్థం మొత్తం పోతుంది.

ఇంతకీ మనకే ఎందుకు ఈ తికమక? ఒక కారణం మన ‘చారిత్రక’. తెలుగులో చారిత్రక నవల, చారిత్రక ఆధారం, చారిత్రక విజయం, చారిత్రక తీర్పు, అన్నిటికీ ఒకే మాటతో సరిపెడతాం. సందర్భాన్ని బట్టి మనకు అర్థమైపోతుంది. ఇంగ్లీషు ఆ రెంటినీ విడదీసి రెండు గదుల్లో పెట్టుకుంది, అదీ మొదటినుంచీ కాదు. పాత రచయితలు రెంటినీ ఎలా పడితే అలా వాడేవాళ్లు, కాలక్రమంలో విడిపోయాయి.

రెండో కారణం బడి. మనలో ఇంగ్లీషు సెకండ్ పేపర్ రాసిన ప్రతి ఒక్కరూ ‘ఎ విజిట్ టు ఎ హిస్టారికల్ ప్లేస్’ అని వ్యాసం బట్టీపట్టినవాళ్లమే. గోల్కొండకు వెళ్లకుండానే గోల్కొండ మీద ఒకటిన్నర పేజీ రాసినవాళ్లం. అలా ‘హిస్టారికల్ ప్లేస్’ నోట్లో ఉండిపోయింది. మీరు మొదటి పేజీలో రాసింది కూడా ఆ వ్యాసం పుణ్యమే అని నా అనుమానం.

అయితే అది తప్పా? తప్పు అనడానికి నాకు నోరు రాదు. మన రాజ్యాంగమే చూడండి. 49వ అధికరణంలో కట్టడాలను కాపాడే బాధ్యత రాజ్యానిదని చెప్పేచోట ‘ఆర్టిస్టిక్ ఆర్ హిస్టారిక్ ఇంటరెస్ట్’ అని ఉంది. అదే రాజ్యాంగం ఏడో షెడ్యూలు, కేంద్ర జాబితా 67వ అంశంలో ‘ఏన్షియంట్ అండ్ హిస్టారికల్ మాన్యుమెంట్స్’ అని ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం నిర్వచనంలోకి వెళ్తే మళ్లీ ‘హిస్టారికల్’ ఇంటరెస్టే. ఒక్కో అక్షరం మీద చర్చించుకున్న పెద్దలే కట్టడాల దగ్గర రెండూ వాడారు. కట్టడాల విషయంలో మన దేశపు ఇంగ్లీషు రెంటినీ ఒప్పుకుంటుందని నేను అందుకే అంటాను. మీ యాప్ మౌనంగా ఉండటానికి కారణం మాత్రం ఇంకా చిన్నది. వ్యాకరణం ప్రకారం రెండూ విశేషణాలే, రెండూ ఆ చోట పడతాయి. మీ మనసులో ఏముందో దానికేం తెలుసు.

బయటి దేశాలవాళ్లు చదివే రాతలో మాత్రం కట్టడాలకు, ఊళ్లకు, వీధులకు హిస్టారిక్ రాయడమే మంచిది. ఇంగ్లండ్‌లో పాత కట్టడాల సంగతి చూసే సంస్థ పేరే హిస్టారిక్ ఇంగ్లండ్. అక్కడి 1990 చట్టంలోనూ ‘ఆర్కిటెక్చరల్ ఆర్ హిస్టారిక్ ఇంటరెస్ట్’ అనే ఉంటుంది. అమెరికాలో 1966 చట్టం పేరు నేషనల్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ యాక్ట్, వాళ్ల జాబితా నేషనల్ రిజిస్టర్ ఆఫ్ హిస్టారిక్ ప్లేసెస్. చదువుకు, పరిశోధనకు సంబంధించిన సంస్థల దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతుంది. 1972లో ఢిల్లీలో పెట్టింది ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ హిస్టారికల్ రీసెర్చ్. అంతకు యాభై ఏళ్ల ముందే, 1922లో, రాజమహేంద్రవరంలో మనవాళ్లు పెట్టుకున్నది ఆంధ్ర హిస్టారికల్ రీసెర్చ్ సొసైటీ, తెలుగులో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి. అక్కడ హిస్టారిక్ అని పెట్టుంటే ‘మేం చేసేది చరిత్రకెక్కే పరిశోధన’ అని తమ భుజం తామే తట్టుకున్నట్టు ఉండేది.

నా సొంత బోల్తా ఒకటి చెప్పాలి. డెస్కు ఉద్యోగం మానేసిన కొత్తలో ఒక కంపెనీ వార్షిక నివేదికను తెలుగు చేసే పని వచ్చింది. అందులో ‘ఈ ఖాతాలు హిస్టారికల్ కాస్ట్ ప్రాతిపదికన తయారయ్యాయి’ అని ఒక వాక్యం. నేను పత్రికల అలవాటు కొద్దీ ‘చారిత్రాత్మక వ్యయం ప్రాతిపదికన’ అని రాసి పంపేశాను. వాళ్ల ఆడిటర్ గారు ఫోన్ చేసి, ‘ఏమండీ, మేం రెండు మెషీన్లు, ఓ షెడ్డు కొన్నాం. చరిత్రేం సృష్టించలేదండీ’ అన్నారు. హిస్టారికల్ కాస్ట్ అంటే కొన్ననాటి ధర అని అప్పుడు ఆయనే చెప్పారు. పది లక్షలకు కొన్న స్థలం ఇవాళ రెండు కోట్లు పలికినా పుస్తకాల్లో పది లక్షలే ఉంటుంది, అదీ ఆ పద్ధతి. నాకు తెలిసిన తెలుగంతా ఆ ఒక్క ఫోన్ కాల్‌తో కిందికి దిగింది.

అప్పటినుంచి డబ్బు లెక్కల్లో హిస్టారికల్ కనిపిస్తే ‘గత’, ‘ఇదివరకటి’, ‘అప్పటి’ అనే రాస్తున్నాను. మ్యూచువల్ ఫండ్ వాళ్లు ‘హిస్టారికల్ రిటర్న్స్’ అంటే గత రాబడులు, అంతే. ఏజెంటు ఆ మాటను ఎంత గంభీరంగా పలికినా సరే.

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, తెలుగు రాసేవాళ్లకు పనికొస్తుంది. పైన నేను రాసిన ‘చారిత్రాత్మక’ అన్న మాటే సందేహాస్పదం. సంస్కృతంలో ‘ఇక’ ప్రత్యయం చేరితే మొదటి అచ్చు సాగుతుంది. సమాజం సామాజికం, ధర్మం ధార్మికం, ఇతిహాసం ఐతిహాసికం, అలాగే చరిత్ర చారిత్రికం, మన వాడుకలో చారిత్రకం. ‘ఆత్మక’ చేరితే ఆ సాగుడు ఉండదు. విప్లవాత్మక అంటాం గానీ ‘వైప్లవాత్మక’ అనం. ప్రయోగాత్మక అంటాం గానీ ‘ప్రాయోగాత్మక’ అనం. ఆ లెక్కన చరిత్రాత్మక అనాలి. చారిత్రాత్మక అన్నది రెండు మాటలు గుద్దుకుని పుట్టింది. ఇంత చెప్పినా పత్రికల్లో, టీవీల్లో అదే రాజ్యమేలుతోంది, దాన్ని దించడం నా వల్ల కాదు. నా వరకు హిస్టారికల్‌కి చారిత్రక, హిస్టారిక్‌కి చరిత్రాత్మక అని ఒక ఏర్పాటు చేసుకున్నాను. అంతకన్నా ‘చరిత్రకెక్కిన’, ‘చరిత్రలో నిలిచిపోయే’ అంటే ఇంకా హాయిగా ఉంటుంది.

మా డెస్కులో ఇంకో ఇబ్బంది హిస్టారిక్‌ని అతిగా వాడటం. బస్ షెల్టర్‌కి శంకుస్థాపన చేసినా ప్రెస్ నోట్‌లో హిస్టారిక్ డే అనే ఉంటుంది. మా న్యూస్ ఎడిటర్ గారు ఆ మాట కింద ఎర్ర పెన్నుతో గీత గీసి పక్కన ‘ఎవరికి?’ అని రాసేవారు. మీరు కూడా హిస్టారిక్ రాసిన ప్రతిచోటా ఆ ప్రశ్న వేసుకోండి. జవాబు వెంటనే తోచకపోతే ఆ మాట తీసేయండి, వాక్యానికి ఏ నష్టం ఉండదు. మీ రిపోర్టులో కోట హిస్టారిక్, తోరణం హిస్టారిక్, చెరువు హిస్టారిక్, పక్కన టీ కొట్టు కూడా హిస్టారిక్ అయితే మేడం మళ్లీ పెన్ను తీస్తారు.

సందేహం వచ్చినప్పుడు నేను చేసే పరీక్ష. ఆ చోట ‘ఇంపార్టెంట్’ పెట్టి చదువుతాను. అర్థం నిలబడితే హిస్టారిక్. ‘పాస్ట్’ లేదా ‘అబౌట్ హిస్టరీ’ పెడితేనే అర్థం నిలబడితే హిస్టారికల్. ఇంపార్టెంట్ తీర్పు, ఇంపార్టెంట్ నగరం, ఇంపార్టెంట్ ఒప్పందం, ఇవన్నీ నిలబడ్డాయి. ‘హిస్టారికల్ నావెల్’లో ఇంపార్టెంట్ పెడితే అర్థమే మారిపోతుంది. గతకాలం నేపథ్యంగా రాసిన నవల ముఖ్యమైనదే కావాలని ఎక్కడుంది? రైల్వే స్టేషన్‌లో కొని దిగేలోపు మర్చిపోయేది కూడా కావచ్చు.

ఇంకో పరీక్ష ‘మోస్ట్’. మోస్ట్ హిస్టారిక్ డే అనొచ్చు, ఎందుకంటే గొప్పతనానికి ఎక్కువ తక్కువలుంటాయి. మోస్ట్ హిస్టారికల్ నావెల్ అంటే ఏమిటో మరి. ఒక నవల ఆ కోవలో ఉంటుంది, లేకపోతే ఉండదు.

ఇంతవరకు చదివి ‘ఓహో, చివర అల్ ఉంటే సంబంధించిన అని, లేకపోతే గొప్ప అని’ సూత్రం కట్టేశారేమో. ఆ సూత్రం కట్టకండి. పక్క జంటలోనే అది తలకిందులవుతుంది. ఎకనామిక్ అంటే ఆర్థిక, ఆర్థిక వ్యవస్థకు సంబంధించిన. ఎకనామికల్ అంటే పొదుపైన, ఖర్చు తక్కువయ్యే. ఇక్కడ ‘సంబంధించిన’ అన్న అర్థం అల్ లేనిదానికి పోయింది. ‘ఎకనామికల్ పాలసీ’ అని రాసిన ఎంబీఏ అప్లికేషన్లు నేను దిద్దాను. వాళ్లు ఆర్థిక విధానం అనుకుని రాశారు, చదివేవాళ్లకు అది పిసినారి విధానంలా కనిపిస్తుంది. క్లాసిక్, క్లాసికల్ మాత్రం కొంచెం మన జంటలాగే నడుస్తాయి. క్లాసికల్ మ్యూజిక్ అంటే శాస్త్రీయ సంగీతం, అది ఒక కోవ. క్లాసిక్ అంటే ఆ కోవలో కాకపోయినా కలకాలం నిలిచేది. ఒక్కో జంట దారి ఒక్కోటి, విడివిడిగా నేర్చుకోక తప్పదు.

గీత చెరిగిపోయే చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. రూపాయి పడిపోయినప్పుడు ‘హిస్టారిక్ లో’ అని కొందరు, ‘హిస్టారికల్ లో’ అని కొందరు రాస్తారు. ఆ పతనమే ఒక సంఘటన అనుకుంటే మొదటిది, ఇప్పటివరకు నమోదైన అంకెల్లో అతి తక్కువ అనుకుంటే రెండోది. నేనైతే తెలుగులో ‘ఇదివరకెన్నడూ లేనంత కనిష్ఠానికి’ అని రాసి తప్పించుకుంటాను. వ్యాకరణంలో జరిగిపోయిన కథను వర్తమానంలో చెప్పే పద్ధతి ఒకటుంది, ‘అప్పుడు రాజు లేస్తాడు, కత్తి దూస్తాడు’ అన్నట్టు. దాన్ని హిస్టారిక్ ప్రెజెంట్ అనేవాళ్లూ ఉన్నారు, హిస్టారికల్ ప్రెజెంట్ అనేవాళ్లూ ఉన్నారు. రెండూ సరే. క్రియా విశేషణానికి వచ్చేసరికి అసలు గొడవే లేదు, రెంటికీ కలిపి హిస్టారికల్లీ ఒక్కటే.

బ్రిటిష్ ఇంగ్లీషులో మాత్రం ఒక వాడుక జాగ్రత్తగా చూసుకోవాలి. ఏళ్ల కిందట జరిగి ఇప్పుడు బయటపడిన నేరాలను అక్కడ ‘హిస్టారిక్ అఫెన్సెస్’ అంటుంటారు. ఇక్కడ హిస్టారిక్‌లో గొప్పా లేదు, చరిత్రా లేదు, ‘పాత’ అనే అర్థం. మా డెస్కులో కొత్తగా చేరిన ఒక అబ్బాయి లండన్ వార్త ఒకటి తెలుగు చేస్తూ ‘చారిత్రాత్మక లైంగిక వేధింపుల కేసు’ అని శీర్షిక పెట్టాడు. పేజీ వెళ్లడానికి పది నిమిషాల ముందు చూశాం కాబట్టి సరిపోయింది. తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. ‘ఏళ్ల కిందటి వేధింపుల కేసు’ అని మార్చి పంపాం.

ఇక మీ రిపోర్టులోంచి పంపిన మిగతా వాక్యాలు. ‘హిస్టారిక్ సిటీ ఆఫ్ వరంగల్’ అలాగే ఉంచండి. ‘హిస్టారిక్ బ్యాక్‌గ్రౌండ్’ అన్న ఉపశీర్షికను ‘హిస్టారికల్ బ్యాక్‌గ్రౌండ్’ చేయండి, ఎందుకంటే అక్కడ మీరు పూర్వకథ చెబుతున్నారు. 2021 జులైలో రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు రావడాన్ని ‘హిస్టారికల్ మూమెంట్’ అన్నారు. అది హిస్టారిక్ మూమెంట్. 1213లో ఆ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి గురించి రాసిన పేరాలో ‘హిస్టారికల్ ఎవిడెన్స్’ సరిగ్గా ఉంది, ముట్టుకోకండి. ‘టూరిస్ట్ ఫుట్‌ఫాల్: హిస్టారిక్ ట్రెండ్స్’ అన్న పట్టిక పేరును హిస్టారికల్ ట్రెండ్స్ అని మార్చండి.

మీ చివరి సందేహం. ‘ఎ హిస్టారిక్’ అనే రాయండి. ఇంగ్లీషులో ‘ఆన్’ పెట్టాలా వద్దా అన్నది అక్షరాన్ని బట్టి కాదు, నోట్లో పలికే శబ్దాన్ని బట్టి ఉంటుంది. గంట అనే అర్థంలో ‘అవర్’లో హ పలకదు కాబట్టి ఆన్ అవర్. హిస్టారిక్‌లో హ పలుకుతుంది కాబట్టి ఎ. మరి పాత పుస్తకాల్లో ‘ఆన్ హిస్టారిక్’ ఎందుకు కనిపిస్తుందంటే, ‘హిస్టరీ’లో ఊనిక, అంటే పలికేటప్పుడు పడే ఒత్తు, మొదటి అక్షరం మీద పడుతుంది, హ గట్టిగా వినిపిస్తుంది. ‘హిస్టారిక్’లో ఊనిక రెండో అక్షరానికి జరుగుతుంది, దాంతో పాతకాలం ఇంగ్లీషువాళ్ల నోట్లో మొదటి హ బలహీనపడి దాదాపు ‘ఇస్టారిక్’ అయ్యేది. అందుకని ఆన్. ఇప్పుడు చాలామంది హ పలుకుతున్నారు, చాలా పత్రికలూ ‘ఎ’ అనే రాస్తున్నాయి. ఒకవేళ మీ మేడం దాన్ని ‘ఆన్’ అని దిద్దితే మాత్రం వాదించకండి. ఆవిడ చదువుకున్న పుస్తకాల్లో అలాగే ఉండి ఉంటుంది, పైగా మార్కులు వేసేది ఆవిడే.